అమ్మమ్మ ఇంటి గులాబీ ఏ రకమో చెప్పగలరా?

పెరటిగుమ్మం | నవంబరు 3, రాత్రి 9:12

ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప ఏమీ రాయలేదు. ఇప్పుడు అవసరం వచ్చింది కనుక అడుగుతున్నాను.

రేపల్లె దగ్గర పల్లెలో మా అమ్మమ్మ ఇంటి పెరట్లో, బావి గట్టును ఆనుకుని ఒక గులాబీ పొద ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. తన పెళ్లికి ముందు నుంచే ఉందని మా అమ్మ అంటుంది. ముదురు గులాబీ రంగు, గుత్తులుగా పూస్తుంది, వాసన వీధి గుమ్మం దాకా వస్తుంది. ఇల్లు అమ్మేశాం. సంక్రాంతి తర్వాత కొన్నవాళ్లకు అప్పగించాలి. అమ్మమ్మ ఇప్పుడు గుంటూరులో మా పిన్ని దగ్గర ఉంటోంది.

అదే రకం మొక్క కొని హైదరాబాదులో మా ఇంట్లో పెట్టుకుందామని పోయిన ఆదివారం రెండు నర్సరీలు తిరిగాను. ఫోటో చూపిస్తే ఒకాయన 'కాశ్మీరీ గులాబీ' అన్నాడు. రెండో ఆయన 'బెంగళూరు సెంటు గులాబీ' అన్నాడు. ఇద్దరూ చూపించిన మొక్కలకు ఆకు కూడా కలవలేదు. ఫోనులో మొక్కలను గుర్తుపట్టే యాప్‌కు అదే పొద ఫోటోలు మూడు ఇస్తే మూడు పేర్లు చెప్పింది.

దీని పేరు ఏమిటి? ఎక్కడ దొరుకుతుంది? ఫోటో జతచేశాను. పోయిన దీపావళికి తీసింది, మసకగా ఉంది, మన్నించండి.

మిద్దెతోట_మల్కాజిగిరి | నవంబరు 3, రాత్రి 9:40

ఫోటోలో పువ్వు కంటే పక్కనున్న బొక్కెన స్పష్టంగా పడిందండీ. అది ఇత్తడి బొక్కెన అని మాత్రం ఖాయంగా చెప్పగలను.

నర్సరీ నిఘంటువు నేను పదేళ్లుగా చదువుతున్నాను. 'కాశ్మీరీ' అంటే వాసన లేనిది. 'డచ్' అంటే పొడుగు కాడది. 'హైబ్రిడ్' అంటే యాభై రూపాయలు ఎక్కువది. 'నాటు' అంటే అమ్మేవాడికి పేరు తెలియనిది. ఒకే మొక్కను ఒకే మనిషి ఉదయం ఒక పేరుతో, సాయంత్రం ఇంకో పేరుతో అమ్మడం నా కళ్లతో చూశాను.

కన్నంటు | నవంబరు 4, ఉదయం 6:05

ఫోటో చూసి పేరు చెప్పేవాళ్లను నమ్మకండి. నన్ను కూడా. ఉద్యానశాఖలో ముప్పై ఏళ్లు పనిచేశాను, ఈ ఫోటో మీద నేను చెప్పగలిగింది 'గులాబీ' అని మాత్రమే.

మీరు ఊరికి వెళ్లి మొక్క ముందు గంటసేపు కూర్చోవాలి. పువ్వును చివర చూడండి. ముందు ముళ్లు. అన్నీ ఒకే తీరుగా ఉన్నాయా, పెద్ద కొక్కెం ముళ్ల మధ్యలో సన్నటి నూగు ముళ్లు కూడా కలిసి ఉన్నాయా? తర్వాత ఆకు. ఒక ఈనెకు ఎన్ని చిన్నాకులు, పైభాగం నిగనిగలాడుతోందా, మసకగా ఉందా? ఆకు కాడ కొమ్మను అంటుకునే చోట రెండు పక్కలా చిన్న రెక్కల్లాంటివి ఉంటాయి, వాటిని పత్రపుచ్ఛాలు అంటారు. వాటి అంచు నున్నగా ఉందా, దువ్వెన పళ్లలా చీలి ఉందా? కొత్త చిగురు ఆకుపచ్చగా వస్తోందా, వంకాయ రంగులోనా? పువ్వు కిందనున్న బుడ్డి గుండ్రమా, పొడుగా? రెక్కలు లెక్కపెట్టండి, ఒక పువ్వుకు కాదు, కనీసం రెండింటికి. రెక్కలు చెట్టు మీదే ఎండిపోతాయా, పట్టుకోగానే రాలిపోతాయా? ఏడాదిలో ఏయే నెలల్లో పూస్తుందో అమ్మమ్మ గారినే అడగండి. వీటిలో ఆఖరి ప్రశ్నకు విలువ ఎక్కువ.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. వెళ్లినప్పుడు కొమ్మలు కోసి తెచ్చుకోండి. పేరు ఎప్పుడైనా దొరుకుతుంది, సంక్రాంతి తర్వాత ఆ పొద దొరకకపోవచ్చు. నవంబరు, డిసెంబరు నెలలు కొమ్మ నాటుకు మంచివి కూడా.

మదనపల్లె_మాస్టారు | నవంబరు 4, ఉదయం 10:22

అమ్మాయీ, నీ ప్రశ్న చదవగానే మా పెరడు గుర్తొచ్చింది. అప్పట్లో మొక్కకు మొక్కకు అల్యూమినియం రేకు ముక్క కట్టి, దాని మీద మేకుతో గీకి పేరు రాసి ఇచ్చేవాళ్లు. క్వీన్ ఎలిజబెత్, సూపర్ స్టార్, క్రిస్టియన్ డియోర్, ఎల్లలు దాటి వచ్చిన పేర్లన్నీ మా ఆవిడ నోట్లో ఇంటి పిల్లల పేర్లలా నలిగేవి. 'ఎలిజబెత్తుకు నీళ్లు పోశారా' అని అడిగేది. ఆ రేకులు పోయాయి, ప్లాస్టిక్ సంచులు వచ్చాయి, పేర్లతోపాటు బాధ్యతా పోయింది.

గోధుమ పరిశోధనలో ఖ్యాతి గడించిన బి.పి. పాల్ గారు ఢిల్లీలో ఎన్నో గులాబీ రకాలు పుట్టించారు. మన ఆంధ్ర కేడరులో ఐఏఎస్‌గా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ గారు ఉద్యోగం వదులుకుని కొడైకెనాల్‌లో స్థిరపడ్డారు. మన దేశపు అడవి గులాబీలైన రోజా క్లైనోఫిల్లా, రోజా జైగాంటియాలతో సంకరాలు చేసి, వేడి ప్రాంతాలకు తగిన రకాలు తెచ్చారు. వృక్షశాస్త్రవేత్త జానకీ అమ్మాళ్ పేరు మీద కూడా ఆయన గులాబీ ఒకటి ఉంది. ఇంత చేసినవాళ్లున్న దేశంలో నర్సరీకి వెళితే 'ఎర్రది కావాలా, పచ్చది కావాలా' అని అడుగుతారు.

ఇక నీ పువ్వు సంగతి. వాసన వీధిలోకి వస్తోందంటే అది పన్నీరు గులాబీ. అంటే డమాస్కస్ గులాబీ, రోజా డమాసినా. సందేహం అక్కర్లేదు.

కన్నంటు | నవంబరు 4, మధ్యాహ్నం 1:15

మాస్టారు గారూ, మీమీద గౌరవంతోనే చెబుతున్నాను, సందేహం చాలా ఉంది.

ముందుగా పేరు డమాసినా కాదు, లాటిను అక్షరాల్లో 'స' తర్వాత 'క' ఉంటుంది: రోజా డమాస్కీనా (Rosa damascena). రెండోది, అసలు సంగతి. ఆ మొక్కకు చలి కావాలి. ఘాజీపూర్, కన్నౌజ్ వైపు అది ప్రధానంగా చైత్రమాసం రోజుల్లో పూస్తుంది, అందుకే దాన్ని అక్కడ చైతీ గులాబీ అంటారు. ఆ కొద్ది వారాల్లోనే కోసి బట్టీలకు పంపిస్తారు. కృష్ణా డెల్టా నల్లరేగడిలో, చలికాలమంటే ఒక దుప్పటితో సరిపెట్టుకునే చోట అది గుత్తులుగా పూసి వీధిని నింపడం జరిగే పని కాదు. అందుకే ఏయే నెలల్లో పూస్తుందో అడగమన్నాను.

మన దక్షిణాదిలో పన్నీరు గులాబీ అని పిలిచే మొక్క చాలాచోట్ల వేరే. దాని పేరు ఎడ్వర్డ్ గులాబీ. బూర్బన్ జాతి. హిందూ మహాసముద్రంలో ఇప్పుడు రీయూనియన్ అనే దీవి ఉంది కదా, దాని పాత పేరు బూర్బన్. అక్కడి రైతులు పొలాల చుట్టూ కంచెగా రెండు రకాల గులాబీలు వేసేవారు. ఒకటి చైనా నుంచి వచ్చిన ఓల్డ్ బ్లష్, రెండోది శరదృతువులోనూ పూసే డమాస్క్. ఆ రెండూ కంచెలోనే వాటంతట అవి కలిసి కొత్త మొక్క పుట్టింది. 1820కి కాస్త అటూ ఇటూగా దాని విత్తనాలు ఫ్రాన్సుకు చేరాయి, అక్కడి నుంచి బూర్బన్ వంశం పెరిగింది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వాసన, ఇంకొకరి నుంచి ఏడాది పొడుగునా పూసే గుణం వచ్చాయి. మన వేడికి తట్టుకుని కంచెలా పెరుగుతుంది. పన్నీరు తీయడానికి ఉత్తరాదిలో కూడా దీన్ని వాడతారు.

ఇంకో మాట. మీరు నర్సరీలో కొన్న రంగురంగుల గులాబీలకు కింద వేరు మొక్కగా, అంటే పై రకాన్ని అతికించే మొక్కగా, చాలాకాలం దీన్నే వాడారు. అంటే ఈ పువ్వును ఇష్టపడనివాళ్లు కూడా దీని వేళ్ల మీదే పూలు పూయించుకున్నారు.

మదనపల్లె_మాస్టారు | నవంబరు 4, మధ్యాహ్నం 2:50

అక్షరదోషం ఒప్పుకున్నాను. ముప్పై ఆరేళ్లు పిల్లల అక్షరదోషాలు దిద్దినవాడికి ఈ శాస్తి కావలసిందే. మిగతాది మొక్క చూశాక మాట్లాడుకుందాం.

పలమనేరు_పూలు | నవంబరు 4, రాత్రి 8:30

మేము పూలు పండించేవాళ్లం. మా వైపు దీన్ని నాటు రోజా అంటాము. లాటిను పేర్లు నాకు రావు గానీ కొన్ని సంగతులు చెప్పగలను.

ఈ పువ్వు బొకేలకు పనికిరాదు, కాడ ఉండదు. కిలోల లెక్కన మార్కెట్టుకు పోతుంది, దండల్లోకి, పూజకు. తెల్లవారకముందే కోయాలి. ఎండ ఎక్కిన తర్వాత కోస్తే వాసన సగం గాలికి పోయినట్టే, రెక్కలు కూడా బుట్టలోనే విడిపోతాయి. మా అమ్మ చీకట్లో టార్చిలైటు మెడకు కట్టుకుని కోసేది, ముట్టుకుంటేనే ఏది విచ్చిందో ఏది రేపటిదో తెలిసేది ఆమెకు. సాయంత్రానికి చెట్టు కింద రెక్కలు పరిచినట్టు రాలిపోతాయి. మీ అమ్మమ్మ గారి చెట్టు కింద అలా రాలేవా?

మిద్దెతోట_మల్కాజిగిరి | నవంబరు 4, రాత్రి 9:05

గ్రుస్ ఆన్ టెప్లిజ్ ఎందుకు కాకూడదు? అది 1897 నాటి పాత రకం, మంచి వాసన, మన దేశంలో ఎక్కడ చూసినా ఉంది, ఏడాదంతా పూస్తుంది. మా మిద్దె మీద నాలుగేళ్లుగా ఉంది.

కన్నంటు | నవంబరు 4, రాత్రి 9:31

కావచ్చు. అయితే అది నెత్తురు ఎరుపు. చిగురు వంకాయ రంగులో వస్తుంది, పువ్వు మెడ వంచుకుని నేల చూస్తుంది. ఆమె 'ముదురు గులాబీ రంగు' అన్నారు. మనవాళ్లు ఎరుపును కూడా గులాబీ రంగు అనేస్తారు కనుక, దీన్నీ ఆమే చూసి రావాలి.

చిట్టిమొగ్గ | నవంబరు 6, ఉదయం 11:18

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి, గురువుల్లారా. పోయిన ఏడాది మీగడ రంగు రెక్కలకు ఎర్రటి అంచు ఉన్న గులాబీ కొన్నాను, డబుల్ డిలైట్ అన్నారు. రెండు నెలలు బాగా పూసింది. ఇప్పుడు అడుగు నుంచి రెండు పొడుగాటి కొమ్మలు బాణాల్లా లేచాయి. ఒక ఈనెకు ఏడు ఆకులు. పువ్వే లేదు. 'ఏడాకులు వస్తే అడవి గులాబీ, ఐదాకులు వస్తే మంచి గులాబీ' అని పక్కింటి ఆంటీ గారు అన్నారు. నిజమేనా? నా గులాబీ అడవి గులాబీగా మారిపోయిందా?

కన్నంటు | నవంబరు 6, మధ్యాహ్నం 12:40

మొక్క మారదమ్మా. మీ కుండీలో ఉన్నవి రెండు మొక్కలు. కింద వేరు మొక్క, దాని బెరడులో చీలిక పెట్టి అతికించిన కన్ను (చిగురు మొగ్గ) నుంచి పెరిగింది పై మొక్క. దీన్ని కన్ను అంటు అంటారు, నా పేరు అక్కడి నుంచే వచ్చింది. అతుకు దగ్గర కాస్త ఉబ్బు కనిపిస్తుంది. ఆ ఉబ్బుకు కింది నుంచి లేచిన కొమ్మలు వేరు మొక్కవి. అవి తిండంతా లాక్కుని పై మొక్కను ఎండగడతాయి.

ఆకుల లెక్క పూర్తిగా నమ్మదగినది కాదు. మంచి రకాల్లోనూ ఏడాకులు వస్తాయి, ఒకే కొమ్మ మీద మూడు, ఐదు, ఏడు చూడొచ్చు. ఆ బాణం ఎక్కడ పుట్టిందో వేలితో మట్టి తీసి చూడండి. పత్రపుచ్ఛాలు దువ్వెన పళ్లలా చీలి ఉంటే అది రోజా మల్టీఫ్లోరా అనే వేరు మొక్క. కత్తిరించకండి, కత్తిరిస్తే రెట్టింపై వస్తుంది. మొదలు దగ్గర పట్టుకుని కిందికి లాగి పీకేయండి.

చిట్టిమొగ్గ | నవంబరు 6, సాయంత్రం 5:02

మట్టి తీసి చూశాను. ఉబ్బుకు రెండు వేళ్ల కింద నుంచి వచ్చింది. దువ్వెన పళ్లు ఉన్నాయి! పీకేశాను, ఒక ముల్లు గోటిలో దిగింది. ఆంటీ గారికి మాత్రం ఏమీ చెప్పలేదు.

అన్నట్టు, ఆన్‌లైనులో నీలం గులాబీ విత్తనాలు కూడా తెప్పించాను. వంద గింజలు. మొలిచాయి కూడా!

మిద్దెతోట_మల్కాజిగిరి | నవంబరు 6, సాయంత్రం 5:10

వారంలో మొలిచాయా? అయితే అవి గులాబీలు కావు. గులాబీ గింజ మొలవడానికి నెలలు పడుతుంది, చలి తగలాలి. నేను కూడా కొన్నాను లెండి, నాకు తోటకూర వచ్చింది. పప్పులో వేసుకున్నాం, బాగుంది.

కన్నంటు | నవంబరు 6, సాయంత్రం 6:00

గులాబీ జాతిలో నీలం రంగును తయారుచేసే డెల్ఫినిడిన్ అనే పదార్థం సహజంగా పుట్టదు. జపానులో సంటోరీ సంస్థ జన్యుమార్పిడి చేసి 2009లో అమ్మకానికి పెట్టిన పువ్వు కూడా లేత ఊదా రంగే. మన నర్సరీల్లో దొరికే బ్లూ మూన్ కూడా అంతే, పేరుకే నీలం. ఇక ఏ గులాబీ గింజ వేసినా తల్లి పువ్వు రాదు. రకం నిలవాలంటే కొమ్మ నాటాలి, లేదా అంటు కట్టాలి. గింజలు అమ్మేవాడికి ఆ సంగతి తెలుసు.

నిర్వాహకుడు | నవంబరు 6, సాయంత్రం 6:20

నీలం గింజల బాధితులకు వేరే చర్చ తెరిచాను, అక్కడికి వెళ్లండి. తోటకూర పప్పు ఎలా వండాలో కూడా అక్కడే. ఇక్కడ రేపల్లె పొద గురించి మాత్రమే.

డాలస్_దొడ్డి | నవంబరు 9, ఉదయం 7:44

పెరటిగుమ్మం గారూ, నాది గుడివాడ, ఇరవై ఏళ్లుగా టెక్సస్‌లో ఉంటున్నాను. ఇక్కడ మీలాంటివాళ్లకు ఒక గుంపే ఉంది. రోజ్ రస్లర్స్ అంటారు. రస్లర్ అంటే పశువుల దొంగ. 1980లలో మొదలుపెట్టారు. పాత శ్మశానాల్లో, పాడుబడిన ఇళ్ల ముందు, రైలు కట్టల పక్కన ఎవరూ నీళ్లు పోయకపోయినా బతికి పూస్తున్న గులాబీలను వెతికి, ఇంటివాళ్లను అడిగి కొమ్మలు తెచ్చుకుంటారు. వందేళ్లు దిక్కులేకుండా బతికిన మొక్క మా దొడ్లో బతకదా అని వాళ్ల తర్కం. ఇక్కడి వేసవి మన విజయవాడ వేసవికి ఏమీ తీసిపోదు, కనుక ఆ తర్కం నాకు నచ్చింది.

వాళ్ల పద్ధతి ఒకటి చెబుతాను. దొరికిన గులాబీ పేరు తెలియకపోతే, దొరికిన చోటు పేరో ఇచ్చినవాళ్ల పేరో పెట్టేస్తారు. అలాంటి తాత్కాలిక పేరును జంట కొటేషన్ గుర్తుల్లో రాస్తారు. అసలు పేరు రుజువైతే ఒంటి కొటేషన్‌లోకి మారుస్తారు. మా ఇంట్లో "మ్యాగీ" అనే గులాబీ ఉంది, లూసియానాలో ఒక ఇంటి దగ్గర దొరికింది. ఇంకా ఆ పేరుతోనే నర్సరీల్లో అమ్ముతున్నారు. అసలు పేరు గురించి వాదనలు నడుస్తూనే ఉన్నాయి, అది మాత్రం పూస్తూనే ఉంది.

మీరు కూడా రేకు ముక్క మీద "రేపల్లె బావిగట్టు" అని రాసి కట్టండి. ఎవరో చెప్పిన తప్పు పేరు పెట్టుకుంటే అది వదలదు, మీ నుంచి కొమ్మ తీసుకున్నవాళ్లందరికీ పాకుతుంది. పోల్చి చూసుకోవాలంటే 'హెల్ప్ మీ ఫైండ్' అనే వెబ్‌సైటులో గులాబీల పెద్ద జాబితా ఉంది, ఒక్కో రకానికి పదుల ఫోటోలు ఉంటాయి.

మదనపల్లె_మాస్టారు | నవంబరు 9, ఉదయం 9:15

మళ్లీ అల్యూమినియం రేకు దగ్గరికే వచ్చాం, చూశారా.

పెరటిగుమ్మం | నవంబరు 23, రాత్రి 10:48

నిన్న వెళ్లి ఈ సాయంత్రం తిరిగొచ్చాను. కన్నంటు గారు చెప్పినట్టే పీట వేసుకుని కూర్చున్నాను. ఇన్నేళ్లూ ఆ పొద పక్కనే పళ్లు తోముకున్నదాన్ని, ఒక్కసారీ సరిగ్గా చూడలేదని అర్థమైంది.

పొద నా తల మీదికి ఉంది, కొమ్మలు వంగి బావి గట్టు మీద పడ్డాయి. పెద్ద ముళ్లు కొక్కేల్లా కిందికి వంగి ఉన్నాయి. వాటి మధ్యలో, ముఖ్యంగా పువ్వు కాడ దగ్గర, సన్నటి నూగు ముళ్లున్నాయి. పెద్ద ముల్లును బొటనవేలితో పక్కకు నెడితే టక్కున ఊడి వచ్చింది, కింద తడి మచ్చ మిగిలింది. నిమ్మ ముల్లు అలా రాదు కదా! చిన్నాకులు ఎక్కువగా ఐదు, అక్కడక్కడ ఏడు. ఆకు మరీ నిగనిగలాడదు. పత్రపుచ్ఛాల అంచులు చీలలేదు. చిగురు లేత ఆకుపచ్చ, అంచుల్లో కాస్త ఎరుపు జీర. వంకాయ రంగు అయితే కాదు.

పువ్వులు ముదురు గులాబీ రంగే, ఎరుపు కాదు. నేల చూడవు, ఎదురుగానే చూస్తాయి. మూడు, నాలుగు, ఒకచోట ఆరు గుత్తిగా ఉన్నాయి. ఒక పువ్వుకు 26 రెక్కలు, ఇంకోదానికి 29. రెండోది లెక్కపెడుతుండగానే సగం రాలిపోయింది, ఒళ్లో పెట్టుకుని లెక్కపెట్టాను. పువ్వు కింద బుడ్డి మరీ గుండ్రమూ కాదు, మరీ పొడుగూ కాదు.

ఇంకో వింత చూశాను. మొగ్గ కింద ఐదు పచ్చటి ఆకుల్లాంటివి ఉంటాయి కదా, వాటిలో రెండింటికి రెండు అంచుల్లోనూ గడ్డం ఉంది. రెండింటికి అసలు లేదు. ఐదోదానికి ఒక పక్కే ఉంది, సగం గీసుకుని లేచిపోయినవాడిలా. నాలుగు మొగ్గలు చూశాను, అన్నింటికీ ఇదే లెక్క. ఇది ఈ రకం గుర్తా?

అమ్మమ్మను ఫోనులో అడిగాను. 'పూయని నెల ఏది? రోహిణీ కార్తెలో కాస్త చిన్నబోతుంది, అంతే' అంది. కింద రెక్కలు రాలేవా అంటే 'పొద్దున ఊడ్చేది నేను, నాకు తెలియదా' అని కసిరింది. ఎవరు నాటారో కూడా చెప్పింది. అమ్మమ్మ కాపురానికి వచ్చేటప్పటికే, చీరాలలో ఉన్న ఆడపడుచు కొమ్మ తెచ్చి గుచ్చి ఉందట.

పద్నాలుగు కొమ్మలు తెచ్చాను. తడి గోనెలో చుట్టి బకెట్లో పెట్టాను. ఇప్పుడేం చేయాలి?

కన్నంటు | నవంబరు 24, ఉదయం 5:40

ముందు కొమ్మల సంగతి, తర్వాత శాస్త్రం. పెన్సిలు లావున్నవే తీసుకోండి, జానెడు పొడవు, నాలుగు కణుపులు. కింది కోత కణుపుకు కాస్త దిగువన ఏటవాలుగా ఉండాలి. పైన రెండాకులు ఉంచి మిగతావి తీసేయండి, మొగ్గలుంటే తుంచేయండి. సగం ఇసుక, సగం మట్టి. రెండు కణుపులు మట్టిలోకి పోవాలి. నీడలో పెట్టి, పైన పలుచటి ప్లాస్టిక్ సంచి గుడారంలా కప్పండి. రోజూ లాగి చూడకండి. వేరు వచ్చిందా అని లాగి చూసినవాళ్ల వల్ల చచ్చినన్ని కొమ్మలు తెగుళ్ల వల్ల చావలేదు.

ఆ ఐదు గడ్డాల సంగతి రకం గుర్తు కాదమ్మా, ఎన్నో గులాబీల్లో కనిపిస్తుంది. వాటిని రక్షక పత్రాలు అంటారు. మొగ్గలో ఒకదాని మీద ఒకటి కప్పుకుని ఉంటాయి. కప్పు కింద పడిన అంచుకు గడ్డం రాదు, బయటికి ఉన్న అంచుకే వస్తుంది. యూరపులో దీని మీద ఐదుగురు అన్నదమ్ముల పొడుపుకథే ఉంది. రకం చెప్పకపోయినా దాన్ని మీకై మీరు చూశారు, చాలా సంతోషం. నేను ఉద్యోగంలో చేరిన ఏడేళ్లకు గానీ చూడలేదు.

ఇక తీర్పు. ఏడాదంతా పూస్తుంది కనుక చైతీ డమాస్క్‌ను పక్కన పెట్టొచ్చు. రంగు, చిగురు, పువ్వు నిలబడే తీరు చూస్తే గ్రుస్ ఆన్ టెప్లిజ్ కాదు. ఓల్డ్ బ్లష్ అయితే రంగు ఇంకా లేతగా ఉండాలి, ముళ్లు ఇంత దట్టంగా ఉండవు, వాసన వీధి దాటదు. కొక్కెం ముళ్లలో నూగు ముళ్లు కలవడం, అటూ ఇటూ కాని బుడ్డి, గుత్తులు, రాలే రెక్కలు, అన్నీ ఎడ్వర్డ్ వైపే చూపిస్తున్నాయి. పదికి ఎనిమిది వంతులు ఎడ్వర్డ్ అంటాను. మిగతా రెండు వంతులు ఎందుకంటే, బూర్బన్లలో దగ్గరి పోలికలవి ఉన్నాయి, గింజ పడి మొలిచిన పిల్లలూ ఉండొచ్చు. అందుకని డాలస్ అమ్మాయి చెప్పిన జంట కొటేషన్ గుర్తులే సరైన పద్ధతి. ఎడ్వర్డ్ అని అనుమానం, అని పక్కన రాసుకోండి.

మదనపల్లె_మాస్టారు | నవంబరు 24, ఉదయం 8:30

ఓడిపోయాను. అయినా తల్లిదండ్రుల్లో ఒకరు డమాస్కే కదా, సగం మార్కులు వేయాలి.

పలమనేరు_పూలు | నవంబరు 24, మధ్యాహ్నం 1:05

నాటు రోజా అయితే కొమ్మకు వేరు రావడం కష్టం కాదు. మేము సంచి కూడా కప్పము, వానల్లో గట్టు వెంట గుచ్చుకుంటూ పోతాము. మీరు హైదరాబాదులో ఉన్నారు కనుక కప్పండి, అక్కడ గాలి పొడిగా ఉంటుంది. వేరు వచ్చాక కుండీ పెద్దది పెట్టండి. ఇది బాల్కనీ మొక్క కాదు, కాళ్లు చాపుకుంటుంది.

పెరటిగుమ్మం | జనవరి 18, రాత్రి 8:15

పద్నాలుగులో తొమ్మిది బతికాయి. రెండింటిని లాగి చూశాను, నిజం చెబుతున్నాను, ఆ రెండూ పోయినవాటిలో ఉన్నాయి.

ఇల్లు నిన్న అప్పగించాం. కొన్నాయన మంచివాడే. బావి పూడ్చి అక్కడ కారు పెట్టుకుంటాడట. పొదను వేళ్లతో తవ్వి తెచ్చుకోమన్నాడు కూడా, కానీ మొదలు నా తొడంత ఉంది, గట్టు రాళ్ల సందుల్లోకి దిగిపోయింది. గునపం వేస్తే గట్టు కదిలింది గానీ అది కదల్లేదు. వదిలేసి వచ్చాను.

డాలస్_దొడ్డి | జనవరి 18, రాత్రి 10:30

తొమ్మిదింటినీ ఒకే ఇంట్లో ఉంచకండి. కనీసం మూడు ఇళ్లలో ఉండాలి. ఒక ఇంట్లో చెదలు పట్టినా ఇంకో ఇంట్లో ఉంటుంది. ఇక్కడ అదే చేస్తాం.

చిట్టిమొగ్గ | మార్చి 9, ఉదయం 9:50

పెరటిగుమ్మం అక్కా, నిన్న మీరు పెట్టిన ఫోటో చూశాను. తొలి పువ్వు కదా! కానీ రంగు లేతగా ఉంది, రెక్కలు కూడా తక్కువ. ఇది అదే రకమేనా?

కన్నంటు | మార్చి 9, ఉదయం 10:35

మూడు నెలల కొమ్మ పూసిన మొదటి పువ్వును చూసి ఏమీ తేల్చకూడదు. వేళ్లకు బలం రాలేదు, కుండీ చిన్నది. ఆ పువ్వునే తుంచేయమని చెప్పాల్సింది. వచ్చే చలికాలం పూలు చూసి మాట్లాడండి. ఒకే మొక్క ఎండాకాలం ఒక రంగు, చలికాలం ఒక రంగు చూపిస్తుంది. యాప్ మూడు పేర్లు చెప్పడానికి అదీ ఒక కారణం.

పెరటిగుమ్మం | మార్చి 16, రాత్రి 9:27

తుంచాను గురువు గారూ. తుంచి గుంటూరు తీసుకెళ్లాను.

అమ్మమ్మకు ఇప్పుడు చూపు బాగా తగ్గింది. ఏమీ చెప్పకుండా చేతిలో పెట్టాను. రంగు అడగలేదు, పేరు అడగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని, కాడ మీద వేలు పోనిచ్చి ముల్లు తడిమింది. 'మన బావి కాడదే' అంది. నేను పిన్ని వైపు చూసి నవ్వేలోపే 'ఎండెక్కాక కోశావే, బుద్ధి లేదా' అని తిట్టింది. కోసింది తొమ్మిదిన్నరకు.

మొక్కల పంపిణీ ఇలా అనుకున్నాను: ఒకటి పిన్నికి, ఒకటి చీరాల వాళ్లకు, ఒకటి చిట్టిమొగ్గకు, ఒకటి మాస్టారు గారికి (సగం మార్కుల కింద). మిద్దెతోట గారూ, మీరు మల్కాజిగిరే కనుక వచ్చి తీసుకెళ్లండి. రేకు ముక్కలు కోసి పెట్టాను, మేకుతో గీకడం మాత్రం నాకు రావడం లేదు, 'ల' వత్తు దగ్గర రేకు చిరిగిపోతోంది.

మిద్దెతోట_మల్కాజిగిరి | మార్చి 16, రాత్రి 9:41

ఆదివారం వస్తాను. మేకు వద్దండీ, సిరా అయిపోయిన బాల్‌పెన్ను వాడండి. రేకు కింద పాత దినపత్రిక నాలుగు మడతలు వేసుకుంటే చిరగదు. ఆ ఇత్తడి బొక్కెన ఏమైందో మాత్రం చెప్పలేదు మీరు.